లారీ పట్టతో కుట్టిన జోడు సంచులు: చిత్తూరు అంగడి పనితనం, శ్రీలంక పొడవునా ప్రయాణం

చిత్తూరులో లారీల సరుకు మీద కప్పే పట్టలు కుట్టే ఒక అంగడిలో నేను కుట్టించుకున్న జోడు సంచులను గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మోటారు సైకిలు వెనుక సీటుకు రెండు వైపులా వేలాడదీసే సంచులు ఇవి. నిరుడు దసరా సెలవుల్లో నేనూ నా భార్యా శ్రీలంక ఉత్తర కొసన ఉన్న పాయింట్ పెడ్రో నుంచి దక్షిణ కొసన ఉన్న దొంద్ర దాకా ఒకే బండి మీద వెళ్లినప్పుడు మా తొమ్మిది రోజుల సామాను మొత్తం వీటిలోనే ప్రయాణం చేసింది. బండిని అద్దెకు తీసుకున్న నెగొంబో నుంచి ఉత్తరానికి వెళ్లిన దూరమూ, చివర దక్షిణం నుంచి మళ్లీ నెగొంబోకు వచ్చిన దూరమూ కలుపుకుంటే మీటరు మీద 1,412 కిలోమీటర్లు తిరిగింది. దారిలో ఎండ, ఉప్పుగాలి, కొండల్లో కుండపోత వాన, సైలెన్సరు వేడి అన్నీ ఈ సంచుల మీద పడ్డాయి కనుక వాటిలో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో చెప్పగల స్థితిలో ఇప్పుడు ఉన్నాను.

అంగడి బెల్లం మండీల వైపు వెళ్లే దారిలో ఉంది. ముందు ఒక లారీ నిలిచేంత ఖాళీ స్థలం, దాని వెనుక రేకుల షెడ్డు, షెడ్డులో రెండు కుట్టు మిషన్లు, నేల మీద పరిచిన పట్ట మధ్యలో సుద్దముక్కతో కూర్చున్న పెద్దాయన, ఆయనకు సాయంగా కొడుకు. లారీ పట్టలు, ఆటో టాపులు, సీటు కవర్లు వాళ్ల రోజువారీ పని. ప్రయాణపు సంచులు కుట్టడం వాళ్ల వృత్తి కాదు. అయినా నేను అక్కడికే వెళ్లడానికి కారణం ఉంది. చిత్తూరు బెల్లం లారీల మీద దూరప్రాంతాలకు పోతుంది, బెల్లానికి వాన తగిలితే దిమ్మెలు కారిపోయి సరుకు మొత్తం పాడవుతుంది. ఆ సరుకును నలభై ఏళ్లుగా పొడిగా దాటిస్తున్న మనిషికి నీళ్లు గుడ్డలోకి ఏ దారిన దూరుతాయో తెలిసినంతగా, రంగు రంగుల బొమ్మలతో అమ్మే సంచుల కంపెనీలకు తెలుసునా అన్నది నా మనసులో మెదిలిన ప్రశ్న.

తయారుగా దొరికే సంచులను కూడా చూడకపోలేదు. నాకు నచ్చినవాటి ధర 9,000 రూపాయలకు పైనే పలికింది. పైగా వాటిలో చాలావాటికి లోపలి సంచి నీళ్లు ఆపేది కాదు, వాన వచ్చినప్పుడు పైన వేరే తొడుగు వేయాలి. భార్యను వెనుక కూర్చోబెట్టుకుని కొండ మలుపులో వెళుతూ ఉండగా వాన మొదలైతే, బండి ఆపి తొడుగు వెతికి రెండు వైపులా తొడిగే లోపలే సామాను తడిసిపోతుంది. తొడుగు అవసరం లేని సంచి కావాలన్నది నా మొదటి షరతు. రెండవ షరతు, దారిలో చిరిగితే ఏ పల్లెటూరి సీట్లు కుట్టేవాడైనా బాగు చేయగలగాలి. ప్రత్యేకమైన పరికరంతో అతికించిన సంచికి దేశం కాని దేశంలో ఆ వసతి ఉండదు.

మొదటిసారి వెళ్లినప్పుడు పెద్దాయన అడిగిన మొదటి మాట, "బండి తెచ్చినారా సార్?" అని. నేను నడిచి వెళ్లాను. బండి లేకుండా కొలత తీయనని పంపించేశారు. అప్పుడు కొంచెం చిన్నబుచ్చుకున్నాను గానీ ఆయన అన్నది న్యాయమే. శ్రీలంకలో మాకు ఇవ్వబోయే బండి 150 సీసీ పల్సర్ అని ముందే తెలుసు. మన బజాజ్, టీవీఎస్ బండ్లు అక్కడి రోడ్ల మీద ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అదే బండి మా ఇంట్లోనూ ఉంది కాబట్టి మర్నాడు దాని మీదే వెళ్లాను. ఆయన నా భార్యను కూడా పిలుచుకుని రమ్మన్నారు. ఆమెను వెనుక కూర్చోమని, పాదం ఆనే చోటునూ, మడమ వెనక్కి జరిగే చోటునూ సుద్దముక్కతో సీటు అంచు మీద గుర్తు పెట్టుకున్నారు. ఏ తయారు సంచుల అంగడిలోనూ నన్ను అడగని ప్రశ్న అది.

ఆ తర్వాత అరగంట సేపు ఆయన చెప్పిన మాటలు ఈ సంచుల గుణాన్ని అర్థం చేసుకోవడానికి పనికివస్తాయి కనుక వివరంగా రాస్తాను. మూతికి జిప్పు పెట్టమని నేను అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "జిప్పు మూడు వానలకు మించి నిలవదు సార్. మూతి పొడుగ్గా పెడతా, మూడు మడతలు మడిచి బెల్టు బిగించండి. నీళ్లు ఎట్లా ఎక్కుతాయో చూస్తాం" అన్నారు. నీరు కిందికి దిగుతుందే గానీ మూడు మడతలు ఎక్కి లోపలికి దిగదు. లారీ వెనుక పట్టను మడిచి తాడు కట్టే తీరు కూడా ఇదే. ఇక అడుగు భాగానికి ఆయన అసలు కుట్టే వేయలేదు. ముందు వైపు నుంచి అడుగు మీదుగా వెనుక వైపు దాకా ఒకే గుడ్డను ఉయ్యాలలాగా తిప్పి, రెండు పక్కలకు మాత్రమే చెక్కలు అతికినట్టు ముక్కలు వేసి కుట్టారు. చక్రం ఎగజిమ్మే బురద నీరు తగిలేది అడుగుకే, అక్కడ సూది రంధ్రం ఒక్కటి కూడా లేకపోవడం ఈ సంచుల్లోకెల్లా గొప్ప విషయమని నా అభిప్రాయం.

కుట్టు ఉన్న చోట నీళ్లు ఆపడం మరో సంగతి. పూర్వం నూలు పట్టలను నూలు దారంతోనే కుట్టేవారు. తడిసినప్పుడు నూలు ఉబ్బి తన రంధ్రాన్ని తానే మూసుకుంటుంది, కాని కొన్నేళ్లకు చీకిపోతుంది. నైలాను దారం చీకదు, కాని ఉబ్బదు కాబట్టి రంధ్రం తెరుచుకునే ఉంటుంది. ఈ ఇబ్బంది వల్లనే పెద్ద కర్మాగారాల్లో పీవీసీ పూత ఉన్న గుడ్డను కుట్టకుండా వేడితో అతికిస్తారు. చిత్తూరు అంగడిలో ఆ యంత్రం లేదు. ఆయన చేసిన పని ఏమిటంటే, గుడ్డ అంచులను ఒకదానిలో ఒకటి మడిచి, నైలాను దారంతో రెండు వరుసలు కుట్టి, లోపలి వైపు కుట్టు పొడవునా పంక్చర్లకు వాడే రబ్బరు సొల్యూషను రాసి, పైన అదే గుడ్డ పట్టీని అతికించడం. చేతితో తడిమితే ఆ పట్టీ అర అంగుళం వెడల్పున ఉబ్బుగా తగులుతుంది. చూపుకు అందంగా ఉండదు. పని మాత్రం చేస్తుంది.

సంచికి వాడిన గుడ్డ లారీల మీద వాడే మందమైన పీవీసీ పట్ట, ముదురాకుపచ్చ రంగు. రెండు సంచులను కలిపి సీటు మీదుగా వేసే పట్టీలు నైలానువి. మూతి బిగించే బెల్టులు మాత్రం తోలువి. రాణిపేట నుంచి వచ్చిన మంచి తోలు అని, నైలాను కంటే గట్టిగా పట్టుకుంటుందని ఆయన చెప్పారు. ఈ మాట విషయంలో ఆయన అంచనా తప్పింది. ఆ సంగతి క్యాండీ దగ్గర వస్తుంది.

జోడు మొత్తానికి 3,800 రూపాయలు తీసుకున్నారు. పనితనం దృష్ట్యా అది తక్కువే. కాని ఇస్తానన్న రోజుకు ఇవ్వలేదు. మంగళవారం అన్నది శనివారం రాత్రికి జరిగింది, ఆదివారం మధ్యాహ్నం చెన్నైలో మా విమానం. ఆ నాలుగు రోజులూ నేను ఆ అంగడి చుట్టూ తిరిగాను. చివరి రాత్రి సంచులను బండికి వేసి చూసినప్పుడు కుడి సంచి వెనుక మూలన ఇంకొక పట్టీ ఉంటే ఊగకుండా ఉంటుందని నాకు అనిపించి అడిగితే, కొడుకు అక్కడికక్కడే రంధ్రం చేసి రివిట్టు కొట్టి ఇచ్చాడు. ఆ హడావిడిలో ఆ రివిట్టుకు రబ్బరు సొల్యూషను రాయడం మరిచిపోయారు. ఆ సంగతి నేనూ గమనించలేదు.

ప్రయాణపు కాగితాల గురించి రెండు మాటలు. అంతర్జాతీయ డ్రైవింగు అనుమతి పత్రాన్ని మన రవాణా కార్యాలయంలోనే ఇస్తారు, అది ఏడాదిపాటు చెల్లుతుంది. మేము వెళ్లినప్పుడు శ్రీలంకలో దాని మీద అక్కడి ఆటోమొబైల్ అసోసియేషను ముద్ర కూడా వేయించుకోవలసి వచ్చింది. ఆ పనిని బండి అద్దెకిచ్చినవారే ముందుగా చూసిపెట్టారు. అక్కడ కూడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడపాలి, హెల్మెట్టు ఇద్దరికీ తప్పనిసరి, ఎక్స్‌ప్రెస్ రహదారుల మీదికి మోటారు సైకిళ్లను రానివ్వరు. మాకు ఆ రహదారులతో పని పడలేదు.

మొదటి చిక్కు నెగొంబోలోనే ఎదురయింది. మన దేశంలో అమ్మే బండికి ఎడమ వైపు వెనుక చక్రం పక్కన చీర గార్డు ఉంటుంది. చిత్తూరులో కొలత తీసినప్పుడు ఎడమ సంచి దాని మీద ఒరిగి చక్కగా కూర్చుంది. అద్దె బండికి ఆ గార్డు లేదు. సామాను నింపి వేలాడదీసేసరికి సంచి కింది అంచు లోపలికి ఒరిగి చక్రానికి రెండు వేళ్ల దూరంలో ఆగింది. గుంతలో బండి దిగితే ఆ రెండు వేళ్లూ మిగలవు. కొలత తీసిన మనిషి తప్పు ఇందులో లేదు, ఎదురుగా ఉన్న బండిని బట్టి ఆయన కొలిచారు. కాని విదేశంలో అద్దె బండికి సంచులు కుట్టించుకునేవారు ఎవరైనా సరే, ఆ బండి వెనుక భాగపు ఫోటోను ముందే తెప్పించుకుని అంగడిలో చూపించాలి. నేను ఆ పని చేయలేదు. మా వాళ్లు ఎద్దు వీపున పెరికెలు, అంటే రెండు పక్కలా వేలాడే జోడు సంచులు, వేసేటప్పుడు అవి పక్కటెముకలను ఒరుసుకోకుండా ముందు గడ్డి మెత్త వేసేవారని మా తాత చెప్పేవారు. బండికైనా సంచికీ చక్రానికీ మధ్య ఏదో ఒకటి ఉండాల్సిందే.

పుత్తలం మీదుగా అనురాధపురం దాకా మొదటి రోజంతా కొబ్బరి తాడుతో సంచిని బయటికి లాగి కట్టి నడిపాను. తాడు ప్రతి ముప్పై కిలోమీటర్లకూ వదులయ్యేది. రెండవ రోజు వవునియాలో ఒక వెల్డింగు అంగడి కనిపిస్తే ఆపాను. అక్కడి నుంచి ఉత్తరమంతా తమిళం మాట్లాడే ప్రాంతం. చిత్తూరు జిల్లాలో పుట్టిన వాళ్లకు అరవం కొత్త కాదు కదా, మా అవసరాన్ని చెప్పుకోవడం తేలికైంది. అద్దె బండికి వెల్డింగు వేయకూడదని ముందే చెప్పాను. ఆ పనివాడు సంచిని తీసి నేల మీద పెట్టి, నాలుగు వైపులా తిప్పి చూసి, ఇనుప పట్టెను విల్లులాగా వంచి, వెనుక పాదం ఆనించే బోల్టుకూ సీటు కింది బోల్టుకూ బిగించాడు. పని ముగిసేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ పట్టె ఆ తర్వాత చివరిదాకా కదలలేదు. సంచి లోపలి పట్టీని వేలితో నొక్కి చూసి, "ఇది లారీకారన్ తైయల్" అన్నాడు, లారీ వాళ్ల కుట్టు అని. చిత్తూరు పెద్దాయనకు ఈ మాట చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

జాఫ్నా నుంచి 33 కిలోమీటర్లు వెళితే పాయింట్ పెడ్రో. అరవంలో పరుత్తితురై, పత్తి రేవు అని అర్థం. ద్వీపం ఉత్తర కొస అక్కడే ఉంది. ఆ ఊరి వడ పేరుపొందినది. పేరుకు వడ గానీ చూడబోతే మన చెక్కలే, పలుచగా, కరకరలాడుతూ, కారంగా ఉంటాయి. నా భార్య రెండు పొట్లాలు కొని, ఒకటి ఎడమ సంచిలోనూ ఒకటి కుడి సంచిలోనూ పెట్టింది. దొంద్ర చేరేదాకా విప్పకూడదని, ఏ పొట్లం మెత్తబడితే ఆ సంచి ఓడినట్టని ఆమె నిర్ణయం. తేమను కొలిచే పరికరం మా దగ్గర లేకపోయినా, ఇంతకంటే నమ్మకమైన పరీక్ష ఉండదని నాకు తోచింది.

అక్కడి నుంచి దక్షిణానికి తిరిగాం. జాఫ్నాను క్యాండీతో కలిపే ఏ-9 రహదారి పొడవు 321 కిలోమీటర్లు. అక్కడి అంతర్యుద్ధ కాలంలో ఏళ్ల తరబడి మూతపడిన రహదారి ఇది. 2002లో కాల్పుల విరమణ తర్వాత తెరిచి, 2006లో మళ్లీ మూసివేసి, యుద్ధం ముగిశాక తిరిగి తెరిచారు. ఇప్పుడు రోడ్డు నున్నగా ఉంది. ఏనుగుల కనుమ (ఎలిఫెంట్ పాస్) దగ్గర రెండు వైపులా ఉప్పుటేరు, మధ్యలో కట్టలాగా రోడ్డు, దూరంగా ఉప్పు మళ్లు. అక్కడ అడ్డగాలి బలంగా వీస్తుంది. నిండు సంచులు గాలికి తెరచాపల్లా పనిచేస్తాయని నాకు భయం ఉండేది. కాని సంచి వెడల్పు మా మోకాళ్లను దాటకుండా పెద్దాయన ఎనిమిది అంగుళాలకే పరిమితం చేయడం వల్ల బండి తూలలేదు. సామాను ఇంకొంచెం పట్టేలా పెంచమని నేను అడిగినప్పుడు ఆయన వినకపోవడం మంచిదైంది. సంచుల్లో మొత్తం బరువు 14 కిలోలు, దానిలో పనిముట్లూ, ట్యూబూ, నీళ్ల సీసాలూ అడుగున, బట్టలు పైన. మర్నాటికి ఇత్తడి రింగుల అంచుల మీద పచ్చని చిలుము సన్నగా పట్టింది, తడిగుడ్డతో తుడిస్తే పోయింది. ఇనుప రింగులు వేసి ఉంటే ఈపాటికి తుప్పు మరకలు గుడ్డకు దిగి ఉండేవి.

దంబుల్లా, మాతలే దాటి క్యాండీ చేరేసరికి సాయంత్రపు వాన మొదలైంది. అక్టోబరులో ఆ దేశంలో రెండు రుతుపవనాల మధ్య కాలం, మధ్యాహ్నం దాటితే ఉరుములతో వానలు పడతాయి. తోలు బెల్టుల సంగతి అక్కడ బయటపడింది. వాన తడికి తోలు సాగి, ఉదయం నాలుగో రంధ్రంలో బిగించిన బెల్టు సాయంత్రానికి వదులై మూతి మడత విచ్చుకోసాగింది. ఐదో రంధ్రంలోకి బిగించాను. రాత్రి గదిలో ఆరేసరికి అదే బెల్టు ముడుచుకుని కొయ్యలా బిగుసుకుంది, పొద్దున దాన్ని విప్పడానికి పట్టకారు వాడాల్సి వచ్చింది. ఎండలో చెప్పులకు, నడుముకు పనికివచ్చే తోలు వాన దారిలో మూతి బిగించడానికి పనికిరాదు. క్యాండీని చివరగా ఏలిన రాజు శ్రీ విక్రమ రాజసింహుడు 1739 నుంచి ఆ సింహాసనం మీద ఉన్న నాయక్కర్ల వంశంవాడు, తెలుగు మూలాలున్నవాడు. 1815లో ఆంగ్లేయులు ఆయనను పట్టుకుని వేలూరుకు పంపితే, 1832లో అక్కడే చనిపోయాడు. పాలారు ఒడ్డున ఆయన సమాధి చిత్తూరుకు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలోనే ఉంది, చిన్నప్పటి నుంచి ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాను. వేలూరు పక్కనున్న రాణిపేట తోలును క్యాండీ వానలో బిగిస్తూ ఆ రాజు జ్ఞాపకం రావడం నాకు సహజంగానే అనిపించింది.

అసలైన పరీక్ష మర్నాడు. క్యాండీ నుంచి నువర ఎలియకు గంపోల, పుస్సెల్లావ, రంబొడ మీదుగా దాదాపు 77 కిలోమీటర్లు. క్యాండీ దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంటే, నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తున ఉంది. అంటే దారి అంతా ఎక్కుడే, తేయాకు తోటల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. మన తిరుమల ఎగువ ఘాటు రోడ్డు పొడవును నాలుగింతలు చేసి, దాని మీద ఆషాఢపు మబ్బును దించితే ఎలా ఉంటుందో అలా ఉంది. పుస్సెల్లావ దాటాక పట్టుకున్న వాన మూడు గంటలు వదలలేదు. రోడ్డు మీద ఎర్రనీరు ప్రవహిస్తూ ఉంటే వెనుక చక్రం దాన్నంతా సంచుల అడుగుకు కొట్టింది. ఒక టీ కొట్టు ముందు ఆగినప్పుడు నా భార్య దిగి సంచులను చూసి, అవి మట్టి ముద్దల్లా ఉన్నాయని చెప్పింది.

నువర ఎలియ గదిలో నేల మీద పాత వార్తాపత్రికలు పరిచి రెండు సంచులనూ విప్పాం. ఎడమ సంచి లోపల చేయి పెట్టి మూలమూలా తడిమాను. అడుగు, పక్కలు, కుట్టు పట్టీలు, మూతి మడత లోపలి వైపు, ఎక్కడా తడి లేదు. నూలు చొక్కా ఇస్త్రీ మడత అలాగే ఉంది. కుడి సంచి అడుగున మాత్రం ఒక టీ గ్లాసుకు తక్కువగా నీళ్లు నిలిచాయి. ఒక తువ్వాలూ, రెండు జతల మేజోళ్లూ తడిశాయి. నీరు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడానికి సంచిని బోర్లించి, బయటి వైపు నుంచి చెంబుతో నీళ్లు పోసి, నా భార్య లోపల టార్చి వెలిగించి చూసింది. కుట్టు నుంచి ఒక్క చుక్క రాలేదు. చివరి రాత్రి కొట్టిన ఆ రివిట్టు చుట్టూ నీరు చుక్క కట్టి, గుడ్డ వెంబడి దారంలా కిందికి జారింది. నెమ్మదిగా, కోరిన పద్ధతిలో చేసిన పని అంతా నిలిచింది, తొందరలో చేసిన ఒక్క రంధ్రం కారింది. మర్నాడు సైకిలు అంగడిలో సొల్యూషనూ, రబ్బరు ముక్కా తీసుకుని లోపలి నుంచి అతికించాం. ఆ తర్వాత ఎల్ల దగ్గర మళ్లీ గంటసేపు వాన పడినా కుడి సంచి కారలేదు.

సైలెన్సరు వేడి విషయంలో అంగడివారికి పూర్తి మార్కులు ఇస్తాను. ఈ బండి సైలెన్సరు కుడి పక్కన ఉంటుంది. పీవీసీ గుడ్డ వేడికి మెత్తబడి అంటుకుపోతుంది కాబట్టి, కుడి సంచి కింది భాగానికి ఆయన రెండు పొరల తోలు ముక్కను విడిగా కుట్టి, గుడ్డకూ దానికీ మధ్య వేలు దూరేంత ఖాళీ వదిలారు. ఎల్ల నుంచి రావణ జలపాతం పక్కగా వెల్లవాయకు దిగే దారిలోనూ, ఆ తర్వాత హంబన్‌తోట వైపు ఎండలో వెళ్లిన మధ్యాహ్నమంతా కూడా ఆ తోలు నల్లబడి ముడతలు పడింది. దాని వెనుక గుడ్డ చెక్కు చెదరలేదు. తోలుకు తగిన చోటు అదే అని అప్పుడు అనిపించింది.

నా భార్య అభిప్రాయాన్ని విడిగా రాయడం అవసరం, ఎందుకంటే ఇటువంటి సంచులతో రోజంతా కాళ్లు సర్దుకోవలసినది వెనుక కూర్చున్న మనిషి. మడమకు సంచి ముందు అంచు ఎక్కడా ఒరుసుకోలేదని, చిత్తూరులో సుద్దముక్కతో గుర్తు పెట్టిన ఆ రెండు నిమిషాలే కారణమని ఆమె చెప్పింది. ఆమెకు నచ్చనిది ఒకటే. బయటి వైపు చిన్న అర ఒక్కటి కూడా లేదు. నీళ్ల సీసా కావాలన్నా, కాగితాలు చూపించవలసి వచ్చినా, మూడు మడతలూ విప్పి మళ్లీ మడవాలి. దారి మధ్యలో పోలీసులు కాగితాలు అడిగిన రెండుసార్లూ వానలో నిలబడి ఆ పని చేశాం. ఇంకొక లోటు బరువు. ఖాళీ సంచుల జత 4.6 కిలోలు తూగింది, విమానంలో తీసుకువెళ్లగల సామానులో అది చిన్న భాగం కాదు.

దక్షిణ తీరం దారి సాఫీగా ఉంది, దాని గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. మాతరకు కొంచెం ఇవతల దేవుందర అనే ఊరు, ఆంగ్లేయులు దాన్నే దొంద్ర అన్నారు. పూర్వం అక్కడ సముద్రపు ఒడ్డున పేరుమోసిన విష్ణ్వాలయం ఉండేది, 1588లో పోర్చుగీసువారు దాన్ని కూలగొట్టారు. కొసన తెల్లని దీపస్తంభం 49 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. ఆ దీపస్తంభం నీడలో కూర్చుని నా భార్య రెండు పొట్లాలూ విప్పింది. ఎడమ సంచిలోని వడ విరిస్తే పటుక్కుమంది. కుడి సంచిలోనిది వంగి, ఆ తర్వాత విరిగింది. మెత్తబడినవాటిని కూడా తిన్నాం, రుచిలో లోటు లేదు.

ఇంటికి వచ్చిన వారానికి సంచులను అంగడికి తీసుకువెళ్లి జరిగినదంతా చెప్పాను. వవునియా పనివాడి మాట విని పెద్దాయన నవ్వారు, రివిట్టు సంగతి విని కొడుకు వైపు చూశారు. తోలు బెల్టుల విషయంలో మాత్రం వాదించలేదు. బిగుసుకుపోయిన బెల్టును చేతిలోకి తీసుకుని వంచి చూసి, "ఇది నా పొరపాటే సార్" అని, ఆ రోజే నైలాను బెల్టులూ ప్లాస్టిక్ బకిళ్లూ వేసి ఇచ్చారు. దానికి డబ్బు తీసుకోలేదు. బయటి అర కుట్టడానికి 250 రూపాయలు తీసుకున్నారు. ఆ అర మూతికీ జిప్పు పెట్టలేదు, పైన గొడుగులాగా మడత వచ్చేలా గుడ్డను వేలాడదీశారు. చీర గార్డు లేని బండ్ల కోసం వవునియా పట్టె ఫోటోను చూసి, అదే కొలతకు ఒక ఇనుప పట్టె చేయించి గోడకు వేలాడదీసుకున్నారు. కావలసినవారు దాన్ని విడిగా కొనుక్కోవచ్చు.

కుట్టించుకోదలచినవారు బండితోనూ, వెనుక కూర్చునే మనిషితోనూ వెళ్లండి. వాళ్లు చెప్పిన తేదీకి కనీసం వారం రోజులు కలుపుకుని ప్రయాణం పెట్టుకోండి, చివరి రాత్రి కొత్త రంధ్రాలు చేయించకండి. మే నుంచి జులై దాకా తోతాపురి మామిడి లారీల పట్టల పనిలో వాళ్లకు ఊపిరి సలపదు, ఆ నెలల్లో సంచుల పని ముట్టుకోరు. ఆగస్టు తర్వాత వెళితే పెద్దాయనే స్వయంగా కూర్చుని కుడతారు.